రెండు రోజులు దాటిన ఎక్కిళ్లకు చిట్కా కాదు, కారణం కావాలి

మీరు రాసిన సంగతులు ఇవీ: మీ నాయనకు 63 ఏళ్లు, ఆదోని దగ్గర పల్లెలో ఉంటారు, షుగరు, బీపీ రెండూ ఉన్నాయి. నాలుగు రోజులుగా ఎక్కిళ్లు. గంటో రెండు గంటలో ఆగి మళ్లీ మొదలవుతున్నాయి, నిద్రలో కూడా వస్తున్నాయి. మెడికల్ షాపులో గ్యాస్ మాత్రలిచ్చారు, తగ్గలేదు. నీళ్లు తాగించారు, చక్కెర పెట్టారు. ఎవరో నెమలీక భస్మం తేనెలో కలిపి నాకించమన్నారు. ఇవి మొదలవడానికి ముందు రోజు మోకాళ్ల నొప్పులకని ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర ఇంజెక్షన్ వేయించుకున్నారు. తిండి సగానికి సగం తగ్గింది. ఇంకేదైనా గట్టి చిట్కా ఉంటే చెప్పమన్నారు.

చిట్కాలు కింద చెబుతాను, అవి పనికొచ్చే చోట బాగానే పనికొస్తాయి. కానీ మీ నాయన విషయంలో చిట్కాల సమయం దాటిపోయింది. ఎక్కిళ్లు 48 గంటలు దాటితే వైద్యంలో వాటిని వేరే లెక్కలో చూస్తాం. అప్పుడు అడగాల్సిన ప్రశ్న ‘ఎలా ఆపాలి’ అని కాదు, ‘ఎందుకు ఆగడం లేదు’ అని. షుగరు, బీపీ ఉన్న 63 ఏళ్ల మనిషికి నాలుగు రోజులుగా, నిద్రలో కూడా ఎక్కిళ్లు వస్తున్నాయంటే రేపు పొద్దున్నే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మాట తడబడడం, మూతి ఒక పక్కకు పోవడం, నడకలో తూలడం, ఒకటి రెండుగా కనపడడం, నీళ్లు మింగితే పొలమారడం, ఛాతీలోగానీ పైపొట్టలోగానీ బరువు, చెమటలు, ఆయాసం, మత్తుగా పడి ఉండడం, రక్తపు వాంతి, తారులాంటి నల్లటి విరేచనం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా పొద్దు దాకా కూడా ఆగొద్దు. 108కి ఫోన్ చేయండి.

నేను కర్నూలులో చాలా ఏళ్లుగా జనరల్ మెడిసిన్ డాక్టరుగా పనిచేస్తున్నాను. ఎక్కిళ్లతో వచ్చే వాళ్లలో చాలామంది ఊళ్లో అన్ని ప్రయత్నాలూ అయిపోయాకే వస్తారు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ఛాతీకీ పొట్టకీ మధ్య అడ్డుగా ఒక పెద్ద కండరం ఉంటుంది, డయాఫ్రమ్ అంటాం. మనం ఊపిరి పీల్చేది ప్రధానంగా దాంతోనే. అది ఉన్నట్టుండి, మన ప్రమేయం లేకుండా బిగుసుకుంటే గాలి ఒక్కసారిగా లోపలికి దూసుకొస్తుంది. ఆ వెంటనే, దాదాపు 35 మిల్లీసెకన్లలో, గొంతులోని స్వరపేటిక టప్పున మూసుకుంటుంది. ఆ మూత పడిన చప్పుడే ఎక్కిలి. ఈ కండరాన్ని నడిపే నరం మెడలో పుట్టి, ఛాతీలో గుండె పక్కగా దిగి డయాఫ్రమ్‌ను చేరుతుంది. వేగస్ అనే ఇంకో నరం మెదడు కింది భాగంలో బయల్దేరి చెవికి ఒక చిన్న కొమ్మ ఇచ్చి, గొంతు, గుండె, అన్నవాహిక మీదుగా పొట్ట దాకా వెళుతుంది. కరెంటు తీగకు దారిలో ఎక్కడ చెట్టుకొమ్మ తగిలినా ఇంట్లో లైటు మినుకుమంటుంది కదా, ఇదీ అంతే. మెదడు నుంచి పొట్ట దాకా ఈ దారిలో ఎక్కడ ఇబ్బంది కలిగినా బయటికి కనపడేది ఎక్కిళ్లే. కర్ణభేరికి ఒక చిన్న వెంట్రుక తగులుతూ ఉండడం వల్ల రోజుల తరబడి ఎక్కిళ్లు వచ్చి, అది తీసేయగానే ఆగిపోయిన కేసులు కూడా వైద్య పత్రికల్లో ఉన్నాయి. కాబట్టి ఎక్కిళ్లు అంటే పొట్టేనని, పొట్ట అంటే గ్యాసేనని తేల్చేయకూడదు. మన వైపు గుండెపోటు నొప్పిని కూడా గ్యాసే అనుకుని సోడా తాగి పడుకునే వాళ్లున్నారు. ఆ మాట వింటేనే నాకు భయం వేస్తుంది.

మామూలు ఎక్కిళ్ల సంగతి వేరు. అవి నిజంగానే ఎక్కువగా పొట్టతో వచ్చేవే. పొట్ట ఒక్కసారిగా ఉబ్బినా, అన్నవాహిక సాగినా, కారం తగిలినా, వేడి మీద చల్లటిది పడినా వస్తాయి. మన సంగటి సంగతే చూడండి. పొయ్యి మీంచి దించిన ముద్దను వేళ్లతో తుంచి, పులుసులో ముంచి, నమలకుండా మింగడమే మనకు అలవాటు. పొలంలో పని చేసి ఆకలి మీద వచ్చిన మనిషి పెద్ద పెద్ద తుంపులు మింగుతాడు. పొగలు కక్కే ముద్ద, పక్కన మిరపకాయల కారం, గొంతు పట్టేసినట్టు ఉంటే పైనుంచి చల్లటి మజ్జిగ. ఎక్కిళ్లు రావడానికి కావాల్సినవన్నీ ఒకే పళ్లెంలో ఉన్నట్టే. తప్పు సంగటిది కాదు, తుంపు సైజుది, తినే వేగానిది. ఉగ్గాని తింటూ మధ్యలో మిరపకాయ బజ్జి కొరికినప్పుడు వచ్చేవీ, గోలీసోడా గటగటా తాగితే వచ్చేవీ, మందు తాగిన రాత్రి వచ్చేవీ ఇలాంటివే. ఇవి కొన్ని నిమిషాల్లో, మహా అయితే కొన్ని గంటల్లో వాటంతటవే పోతాయి.

ఈ మామూలు ఎక్కిళ్లను ఆపే ఉపాయాలన్నిటి వెనకా ఉన్న సూత్రం ఒకటే: ఆ నరాలకు వేరే పని పెట్టి, తప్పిన లయను ఆపడం. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు నేను ముందుగా చెప్పేది ఊపిరి బిగబట్టే పద్ధతి. చాలామంది దీన్ని సగమే చేస్తారు. కూర్చుని ముందు ఊపిరంతా బయటికి వదిలేయండి. తర్వాత పట్టినంతా లోపలికి పీల్చి 10 సెకన్లు ఆపండి. వదలకుండా, ఆ పైన ఇంకొంచెం పీల్చండి, 5 సెకన్లు ఆపండి. మళ్లీ ఇంకొంచెం పీల్చి ఇంకో 5 సెకన్లు ఆపండి. అప్పుడు మెల్లగా వదలండి. ఛాతీలో ఇక చోటు లేదనిపించినా మూడోసారి కొద్దిగా పీల్చగలగడంలోనే కిటుకంతా ఉంది, డయాఫ్రమ్ పూర్తిగా సాగి అక్కడే నిలబడుతుంది. ఒకసారికి ఆగకపోతే కాసేపు ఆగి రెండోసారి చేయొచ్చు. గుండె జబ్బు, ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు దీని జోలికి పోకండి.

రెండోది గట్టిగా పీల్చి మింగడం. సన్నటి స్ట్రాతో, బుగ్గలు లోపలికి పోయేంత బలంగా నీళ్లు పీల్చి గుక్కగుక్కగా మింగాలి. పీల్చేటప్పుడు డయాఫ్రమ్ పని చేస్తుంది, మింగేటప్పుడు గొంతు మూసుకుంటుంది, రెండు నరాలకూ ఒకేసారి పని దొరుకుతుంది. విదేశాల్లో ఈ సూత్రం మీదే ప్రత్యేకంగా ఒక గొట్టం తయారుచేసి అమ్ముతున్నారు. మన ఇంట్లో ముందుకు వంగి గ్లాసు అవతలి అంచు నుంచి తాగడం కూడా దాదాపు ఇలాంటిదే. చెంచాడు పొడి చక్కెర నాలుక వెనక వేసుకుని మింగడం వంటింటి వైద్యం అనుకుంటారు గానీ, 1971లోనే దాని మీద ఒక పేరున్న వైద్య పత్రికలో వ్యాసం వచ్చింది. గరుకుగా ఉన్న పలుకులు గొంతు వెనక తగిలి వేగస్ నరాన్ని కదిలిస్తాయి. అయితే షుగరు ఉన్నవాళ్లకు అది వద్దు. మీ నాయనకు చక్కెర పెట్టడం ఇక ఆపేయండి. నిమ్మచెక్క చప్పరించడం, చల్లటి నీళ్లతో పుక్కిలించడం, మోకాళ్లు ఛాతీకి ఆనించుకుని కాసేపు కూర్చోవడం, ఇవన్నీ ప్రయత్నించదగ్గవే.

‘నువ్వేదో దొంగతనం చేశావంట కదా’ అని చిన్నపిల్లలను ఉలిక్కిపడేలా చేయడం మన ఇళ్లలో ఉంది. పిల్లలకైతే పరవాలేదు. గుండె జబ్బున్న పెద్దవాళ్ల దగ్గర భయపెట్టే పని మాత్రం పెట్టుకోకండి. ఇంకా చేయకూడనివి మూడున్నాయి. కళ్లు మూయించి కనుగుడ్ల మీద నొక్కడం: గుండె వేగం ఒక్కసారిగా పడిపోవచ్చు, కంటికీ దెబ్బే. మెడ పక్కన నాడి కొట్టుకునే చోట మర్దన చేయడం: పెద్దవాళ్లలో ఆ రక్తనాళంలో పేరుకున్న కొవ్వు ముక్క కదిలితే పక్షవాతం రావచ్చు. మూతికి ప్లాస్టిక్ కవరు కట్టి ఊపిరి పీల్పించడం: దీనికి కారణం వేరే చెప్పనక్కర్లేదు. ఇక నెమలీక భస్మం. ఆయుర్వేదంలో హిక్క అని దీనికి ప్రత్యేకంగా అధ్యాయమే ఉంది. తిండి వల్ల వచ్చే అన్నజ హిక్కను ఒకలా, గంభీర, మహతి అనే వాటిని ప్రమాదమైనవిగా వాళ్లు వేరుచేసి చూశారు. అంటే ఆ వైద్యులు కూడా అన్ని ఎక్కిళ్లకూ ఒకటే మందు అనలేదు. ఎవరు కాల్చారో, అందులో ఏం కలిసిందో తెలియని పొడిని కిడ్నీల పరిస్థితి ఏమిటో తేలకుండా మీ నాయనకు పెట్టకండి. తేనె కూడా షుగరే.

పసిపిల్లల తల్లులు ఇది చదువుతుంటే వాళ్లకు ఒక మాట. పాలు తాగాక బిడ్డకు ఎక్కిళ్లు రావడం మామూలే, కడుపులో ఉన్నప్పుడు కూడా వస్తాయి. భుజాన వేసుకుని వీపు నిమిరి తేన్పు తెప్పిస్తే చాలు. చీర కొంగులోంచి దారం లాగి, తడిపి నుదుటికి అంటించే అవ్వలను ఏమీ అనొద్దు, దాంతో నష్టం లేదు. ఆరు నెలలు నిండని బిడ్డకు నీళ్లు, ఏడాది నిండని బిడ్డకు తేనె మాత్రం పెట్టనివ్వకండి.

ఇప్పుడు మీ నాయన దగ్గరికి వద్దాం. మీరు రాసిన దాంట్లో నన్ను ఆపిన మాట ‘మోకాళ్లకు ఇంజెక్షన్’. పల్లెల్లో నొప్పులకు వేసే ఇంజెక్షన్లలో చాలాసార్లు నొప్పి మందుతో పాటు డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ కూడా ఉంటుంది. అది పడగానే నొప్పి మాయమైనట్టు ఉంటుంది, అందుకే అడిగి మరీ వేయించుకుంటారు. దాని వల్ల ఎక్కిళ్లు రావడం డాక్టర్లకు బాగా తెలిసిన విషయమే. మగవాళ్లలో ఇంకా ఎక్కువ. సాధారణంగా వేసిన ఒకటి రెండు రోజుల్లో మొదలై, మందు ప్రభావం తగ్గాక పోతాయి. మీరు చెప్పిన తేదీలు దానికి సరిపోతున్నాయి. కానీ దాంతోనే తేల్చేసి ఊరుకోకూడదు, ఎందుకంటే అదే స్టెరాయిడ్ షుగరును అమాంతం పెంచుతుంది, నొప్పి మందులు కిడ్నీలను దెబ్బతీస్తాయి, ఆ రెండూ మళ్లీ ఎక్కిళ్లు తెప్పించగలవు. అందుకని ఈ రోజే ఆ ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్లి, గొడవ పడకుండా, ఏ మందు వేశారో చీటీ మీద రాయించుకోండి. ఖాళీ సీసా ఉంటే అదే తెచ్చుకోండి. నొప్పులకు పొట్లాల్లో పొడులు ఏవైనా వాడుతుంటే అవీ సంచీలో వేసుకోండి, వాటిలో స్టెరాయిడ్ కలిసి ఉండడం మేం చూస్తూనే ఉంటాం. నెలల తరబడి వాడుతున్నారని తేలితే మీకు మీరు ఒక్కసారిగా ఆపించకండి, డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. మెడికల్ షాపులో గ్యాస్ మాత్రలతో పాటు నిద్రమాత్ర ఏదైనా ఇచ్చారేమో కూడా చూడండి. డయాజెపామ్ లాంటి వాటితో ఎక్కిళ్లు తగ్గకపోగా, కొందరికి కొత్తగా వస్తాయి.

రెండో అనుమానం కిడ్నీలు. షుగరు, బీపీ ఏళ్ల తరబడి ఉన్నవాళ్లలో కిడ్నీలు చప్పుడు లేకుండా దెబ్బతింటాయి. రక్తంలో యూరియా లాంటి వ్యర్థాలు పేరుకుంటే ఎక్కిళ్లు, వికారం, నోట్లో ఒక రకమైన వాసన, మూత్రం తగ్గడం, కాళ్ల వాపు కనపడతాయి. మా వైపు పల్లెల్లో ముసలివాళ్లకు ఎక్కిళ్లు పట్టుకున్నాయంటే ఇక ఆశ లేదని బంధువులకు కబురు పెట్టేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ నమ్మకం ఊరికే పుట్టలేదు. కిడ్నీలు పూర్తిగా పాడైన వాళ్లకు చివరి రోజుల్లో ఎక్కిళ్లు రావడం అందరూ చూశారు. కానీ ఇప్పుడు పరీక్షలున్నాయి, మందులున్నాయి, డయాలసిస్ ఉంది. మీ ఇంట్లో పెద్దవాళ్లు అలాంటి మాట అంటే దాన్ని మీ నాయన చెవిన పడనీయకండి. అమెరికాలో అయోవా రాష్ట్రంలో చార్లెస్ ఆస్బోర్న్ అనే ఆయనకు 1922లో మొదలైన ఎక్కిళ్లు 1990 దాకా, 68 ఏళ్లు ఆగలేదు. ఆయన పెళ్లి చేసుకుని పిల్లల్ని కని నిండు జీవితం గడిపాడు. ఎక్కిలి తనంతట తాను ప్రాణం తీయదు. వెనక ఉన్న జబ్బును వెతకకుండా వదిలేస్తేనే ప్రమాదం.

కిడ్నీ జబ్బున్న వాళ్లు ఇంకొకటి గుర్తుపెట్టుకోవాలి. అయిదు కోణాలుండే స్టార్ ఫ్రూట్ అనే పండు ఇప్పుడు మన మార్కెట్లలో కూడా కనిపిస్తోంది. కిడ్నీలు సరిగా పనిచేయని వాళ్లు అది తింటే అందులోని విషపదార్థం బయటికి పోక మెదడుకు ఎక్కుతుంది, మొదటి లక్షణం ఆగని ఎక్కిళ్లే. తర్వాత ఫిట్స్ దాకా వెళుతుంది. అలాంటి వాళ్లను డయాలసిస్ ఉన్న ఆసుపత్రికి పరుగున తీసుకురావాలి.

మూడోది ఉప్పు. దీన్ని ఎవరూ అనుమానించరు కాబట్టి కొంచెం ఆగి చెబుతాను. ఒక మే నెలలో డోన్ వైపు నుంచి ఒక పెద్దావిడను తీసుకొచ్చారు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. స్టీలు గ్లాసులో నీళ్లిస్తే ఎక్కిలి వచ్చినప్పుడల్లా ఒళ్లు ఎగిరి సగం నీళ్లు ఒళ్లోనే పడ్డాయి. అడిగిన దానికి జవాబు చెప్పడానికి చాలాసేపు తీసుకుంటోంది. ఇంట్లోవాళ్లు వయసు మీద పడిందనుకున్నారు. బీపీ అని ఎవరో చెబితే ఉప్పు పూర్తిగా మానేసి నెలలుగా చప్పిడి కూడే తింటోంది. ఎండకు చెమట ధారగా పోతుంటే ఉత్త నీళ్లు చెంబులు చెంబులు తాగుతోంది. వాడే బీపీ మాత్రలో మూత్రం ద్వారా ఉప్పును బయటికి పంపే మందు ఉంది. పరీక్ష చేస్తే రక్తంలో సోడియం 120 కూడా లేదు. ఉండాల్సింది 135 నుంచి 145. దాన్ని ఆసుపత్రిలో జాగ్రత్తగా, మెల్లగా పెంచుతూ పోతే ఎక్కిళ్లు ఆగాయి, మాట కూడా తేరుకుంది. మీ నాయన బీపీ మాత్ర పేరు చివర ‘హెచ్’ అనో ‘సీటీ’ అనో ఉందేమో చూడండి, ఉంటే డాక్టరుకు ఆ అట్ట చూపించండి. అలాగని ఇంట్లోనే ఉప్పునీళ్లు తాగించడం మొదలుపెట్టకండి. సోడియం వేగంగా పెరిగినా మెదడుకు ప్రమాదమే, పరీక్ష చేస్తూ పెంచాల్సిన వస్తువది.

నాలుగోది గుండె. షుగరు ఉన్నవాళ్లకు నరాల స్పర్శ తగ్గి ఉంటుంది కాబట్టి గుండెపోటు నొప్పి లేకుండా రావచ్చు. గుండె కింది గోడ డయాఫ్రమ్ మీదే ఆని ఉంటుంది. అక్కడ దెబ్బ తగిలితే ఎక్కిళ్లు, వికారం, చెమటలు మాత్రమే కనిపించిన సందర్భాలున్నాయి. అరుదే, కానీ ఈసీజీ తీయడానికి అయిదు నిమిషాలు పడుతుంది. తీయించుకోకుండా ఇంటికి రాకండి.

మెదడు కింది భాగంలో, ఎక్కిళ్లను నడిపే కేంద్రం దగ్గర, రక్తం గడ్డకట్టినా ఇవి వస్తాయి. అప్పుడు ఒక్క ఎక్కిళ్లే ఉండవు, తూలడం, మింగలేకపోవడం, గొంతు బొంగురుపోవడం, ముఖంలో ఒక పక్క తిమ్మిరి లాంటివి తోడుంటాయి. ఈ రకం పక్షవాతంలో చేయీ కాలూ బాగానే ఆడొచ్చు, అందుకే ఇంట్లోవాళ్లు పక్షవాతం అనుకోరు. మామూలు సీటీ స్కాన్‌లో ఆ చోటు సరిగా కనపడకపోవచ్చు, డాక్టరు ఎంఆర్ఐ రాస్తే డబ్బు కోసం రాశారని అనుకోవద్దు.

పొట్ట, ఛాతీ వైపు చూస్తే అన్నిటికంటే ఎక్కువగా కనపడేది పులితేన్పుల జబ్బు, ఆమ్లం పైకి ఎగదన్నడం. రాత్రి ఆలస్యంగా తిని వెంటనే నడుం వాల్చేవాళ్లలో ఇది ఎక్కువ. అది కాక న్యుమోనియా, పాంక్రియాస్ వాపు, పొట్ట ఆపరేషన్ తర్వాత పేగులు కదలక ఉబ్బరం కూడా కారణాలే. మందు, కల్లు బాగా తాగే వాళ్లకు కాలేయంలో చీము గడ్డ కడితే జ్వరం, కుడి పక్క డొక్కలో నొప్పి, కుడి భుజం లాగడం, వాటితో ఎక్కిళ్లు వస్తాయి. డయాఫ్రమ్ నరం మెడలోంచి వస్తుంది కాబట్టే కాలేయం దగ్గర గడ్డకు నొప్పి భుజంలో తెలుస్తుంది.

గుట్కా, ఖైనీ, బీడీ, మందు ఏళ్లుగా వాడుతున్న వాళ్ల విషయంలో నేను తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది: సంగటి దిగుతోందా? ముందు గట్టిదేదీ దిగక ప్రతి తుంపు వెనకా నీళ్లతో తోయాల్సి వస్తోంది, తర్వాత మెత్తటి అన్నమే దిగుతోంది, ఇప్పుడు జావ మాత్రమే, పంచె నడుముకు వదులైంది అంటే అది అన్నవాహికలో గడ్డ కావచ్చు. దాంతో పాటు పోతూ వస్తూ ఉండే ఎక్కిళ్లు ఉంటే ఎండోస్కోపీ వాయిదా వేయకూడదు. జావ దిగుతోంది కదా అని చాలామంది ఆ దశలోనే నెలలు పోగొట్టుకుంటారు. మీ నాయనకు ఈ అలవాట్లు ఉన్నాయో లేదో మీరు రాయలేదు. ఉంటే డాక్టరు దగ్గర దాచకండి.

ఆసుపత్రిలో ఏం చేస్తారంటే, ముందు చెవి, గొంతు, మెడ, ఛాతీ, పొట్ట చూస్తారు. రక్తంలో షుగరు, క్రియాటినిన్ (కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే అంకె), యూరియా, సోడియం, పొటాషియం, కాల్షియం, లివర్ పరీక్షలు, ఈసీజీ, ఛాతీ ఎక్స్‌రే, పొట్ట స్కానింగ్, ఇవి మొదటి విడత. మొదట ఆదోనిలోనే ఫిజీషియన్‌కు చూపించండి, వీటిలో చాలావరకు అక్కడే అయిపోతాయి. అక్కడ ఏదైనా తేడా వచ్చినా, ఎండోస్కోపీ, ఎంఆర్ఐ లాంటివి కావాలన్నా కర్నూలు పెద్దాసుపత్రికి రండి. వచ్చేటప్పుడు అక్కడి రిపోర్టులు, వాడుతున్న ప్రతి మాత్ర అట్ట, ఇంజెక్షన్ చీటీ తెచ్చుకోండి. ఎక్కిళ్లు ఎప్పుడు మొదలయ్యాయి, నిద్రలో ఆగుతాయా, తిన్నాక పెరుగుతాయా, మూత్రం మామూలుగా వస్తోందా, ఇవన్నీ కాగితం మీద రాసి పెట్టుకోండి. నిద్రలో కూడా ఆగకపోవడం చాలాసార్లు శరీరంలోనే కారణం ఉందనడానికి గుర్తు. టెన్షన్ వల్ల వచ్చేవి నిద్రపోగానే తగ్గుతుంటాయి. ఎవరైనా ‘టెన్షన్‌లే’ అని కొట్టిపారేస్తే నిద్ర సంగతి గట్టిగా చెప్పండి.

తీసుకెళ్లే లోపు ఇంట్లో ముఖ్యంగా చూడాల్సింది షుగరు. తిండి సగమైనా మాత్రలు, ఇన్సులిన్ అంతే వేసుకుంటుంటే షుగరు పడిపోయే ప్రమాదం ఉంది. స్టెరాయిడ్ పడి ఉంటే పెరిగిపోయీ ఉండొచ్చు. ఊహించొద్దు, ఈ రాత్రే గ్లూకోమీటర్‌తో చూడండి. 70 కంటే తక్కువుంటే వెంటనే ఏదైనా తీపి ఇవ్వాలి, అప్పుడు మాత్రం చక్కెర పెట్టడమే సరైన పని. బాగా ఎక్కువ ఉంటే తెల్లారేదాకా ఆగకండి. ఇన్సులిన్ మోతాదు మీ అంతట మీరు మార్చకుండా రోజూ చూసే డాక్టరుకు ఫోన్ చేసి అడగండి.

తినిపించేటప్పుడు నిటారుగా కూర్చోబెట్టి, ఎక్కిళ్లు ఆగిన గ్యాప్ చూసి, పలచటి రాగిజావగానీ మెత్తటి అన్నం పప్పుగానీ కొంచెం కొంచెంగా పెట్టండి. ఎక్కిలి వస్తుండగా బలవంతంగా నోట్లో పెడితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తిన్నాక రెండు మూడు గంటలు పడుకోనీయకండి, మంచం తలవైపు కోళ్ల కింద ఇటుకలు పెట్టి ఎత్తు చేయండి. కొబ్బరినీళ్లు చలువ అని మన దగ్గర ప్రతిదానికీ ఇస్తారు, క్రియాటినిన్ రిపోర్టు వచ్చేదాకా అవి వద్దు. వాటిలో పొటాషియం ఎక్కువ, కిడ్నీలు సరిగా లేకపోతే గుండె మీద దెబ్బ పడుతుంది. కడుపు చల్లబడుతుందని పుదీనా నీళ్లు కూడా ఇవ్వకండి, అది అన్నవాహిక కింది మూతను వదులుచేసి ఆమ్లాన్ని ఇంకా పైకి రానిస్తుంది.

మందుల గురించి అడుగుతారని తెలుసు. కారణం దొరికితే దానికి చేసే వైద్యమే అసలు మందు. ఆమ్లం పైకి వస్తుంటే పాంటాప్రజోల్ లాంటివి కొన్ని రోజులు క్రమంగా వాడితే తగ్గుతాయి, ఒక్క మాత్రకు తగ్గలేదని మార్చేయకూడదు. కారణం వెతికే లోపు ఉపశమనానికి వాడే మందుల్లో క్లోర్‌ప్రొమజైన్ పాతది, అమెరికా మందుల సంస్థ ఎక్కిళ్లకని అనుమతి ఇచ్చింది కూడా దానికే. కానీ పెద్దవాళ్లలో లేచి నిలబడగానే బీపీ పడిపోయి తూలిపడతారు, మత్తు ఎక్కువ. బాక్లోఫెన్, గాబాపెంటిన్, మెటోక్లోప్రమైడ్ కూడా వాడతాం. వీటిలో బాక్లోఫెన్ గురించి గట్టిగా చెప్పాలి. అది మంచి మందే, నేనూ రాస్తాను. అయితే అది శరీరంలోంచి బయటికి పోయేది ప్రధానంగా మూత్రంలోనే. కిడ్నీలు దెబ్బతిన్న మనిషికి మామూలు మోతాదు ఇస్తే మందు లోపలే పేరుకుని, మనిషి మత్తులోకి జారి, పొంతన లేకుండా మాట్లాడుతూ, ఒక్కోసారి స్పృహ తప్పి మళ్లీ ఆసుపత్రికి వస్తాడు. ఎక్కిళ్లు ఆగాయి, హాయిగా నిద్రపోతున్నాడని ఇంట్లోవాళ్లు సంతోషపడుతుంటారు, అది నిద్ర కాదు. అందుకే పక్కింటి వాళ్లకు పనిచేసిందని మెడికల్ షాపులో అడిగి ఈ మాత్ర తెచ్చి వేయకండి. క్రియాటినిన్ చూశాకే, డాక్టరు చెప్పిన మోతాదులోనే వాడాలి. మెటోక్లోప్రమైడ్‌తో చేతులు వణకడం, ఒకచోట కుదురుగా కూర్చోలేకపోవడం కనిపిస్తే వెంటనే చెప్పండి.

అన్ని పరీక్షలూ బాగున్నాయి, ఇంజెక్షన్ స్టెరాయిడేనని తేలింది అంటే మంచి వార్తే. రెండు మూడు రోజుల్లో వాటంతటవే సద్దుమణగాలి. ఆ మందు పేరును షుగరు పుస్తకం మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో రాసిపెట్టి, ఇకపై ఎవరు ఇంజెక్షన్ వేయబోయినా ముందు అది చూపించండి. మోకాళ్ల నొప్పికి వేరే దారులున్నాయి, ఎముకల డాక్టరును కలవండి. డాక్టరు బాక్లోఫెన్ రాసి కొన్ని వారాలు వాడాల్సి వస్తే, తగ్గింది కదా అని ఒక్కరోజులో మానేయకుండా ఆయన చెప్పినట్టు తగ్గిస్తూ ఆపండి, ఉన్నట్టుండి ఆపితే ఫిట్స్ రావచ్చు. ఒకవేళ రిపోర్టులన్నీ మామూలుగా ఉండి కూడా వారం తర్వాత ఎక్కిళ్లు ఆగకపోతే అక్కడితో వదిలేయకండి, ఎండోస్కోపీ, మెదడు ఎంఆర్ఐ, ఛాతీ సీటీ ఇంకా మిగిలే ఉన్నాయి. రేపటి రిపోర్టుల్లో క్రియాటినిన్, సోడియం అంకెలు, ఇంజెక్షన్ పేరు ఇక్కడ రాయండి, చూసి చెబుతాను.